పిల్లికి లంఖణము ఔషధము గాదు

మన తెలుగు ఇండ్లలో పెద్దలు తరచుగా చెప్పు మాటలలో "లంఖణం పరమౌషధం" అనునది యొకటి. జ్వరము తగిలిన బిడ్డకును, అజీర్ణము చేసిన పెద్దవానికిని ఒక పూట కడుపును ఖాళీగా నుంచుట మేలని మన పూర్వులు అనుభవముచే కనుగొనిరి. ఆ మాటలో విలువ లేకపోలేదు. అయితే మనుష్యునకు ఔషధమైనది మన యింట తిరుగాడు ప్రతి ప్రాణికిని ఔషధము కానేరదు. ఈ సత్యమును మేము మా యింటి పిల్లి మూలమున, అదియు కొంత ఆలస్యముగా, నేర్చుకొంటిమి. తోడి తల్లిదండ్రులైనను సకాలమున తెలిసికొందురుగాక యను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చెన్నపురిలో అంతస్తుల మేడలు పెరిగిన కొలది మన పిల్లలకు పశుపక్ష్యాదులతోడి సాంగత్యము తగ్గిపోవుచున్నది. పెరడు లేదు, పెరటిలో ఆవు లేదు. కుక్కను పెంచుటకు అందరకును తావుండదు. కావున మెట్లక్రింద వానకు తడిసి అరచుచున్న పిల్లికూనను బడినుండి వచ్చు పిల్లవాడు చంకనెత్తుకొని తెచ్చుటయు, తల్లి కసరుకొనుచునే గిన్నెలో పాలు పోయుటయు, నెల తిరుగకముందే అది యింటి మనిషి యగుటయు అనేక గృహములలో జరుగుచునే యున్నవి. మా బుజ్జియు అట్లు వచ్చినదే.

బుజ్జికి ఆరేండ్ల వయస్సు. బాగుగా బలిసిన పిల్లి. మేము తిరువల్లిక్కేణిలోని పాత యింటినుండి అంబత్తూరు వైపు ఒక చిన్న వాటాకు మారిన దినమున అది మంచముక్రింద దూరి తిండి ముట్టుట మానినది. "లంఖణం పరమౌషధం. రెండు పూటలు కడుపు మాడనీయవే అమ్మాయీ, ఆకలి వేస్తే అదే వచ్చి తింటుంది" అని మా అత్తగారు అనిరి. నాకును అదియే సబబని తోచినది. ఆరవ తరగతి చదువుచున్న మా చిన్నవాడు మాత్రము, "అమ్మా, లంఖణం మనుషులకు కదా? పిల్లికి కూడా మంచిదేనా?" అని యడిగెను. నేను జవాబు చెప్పక పనిలో పడితిని. మూడు దినములు గడచినవి. నాలుగవ దినమున దానిని వెలుతురులోనికి తీసి చూడగా చెవుల లోపలి చర్మము పసుపుపచ్చగా నుండెను. అది కామెర్ల చిహ్నము. పిల్లవాని ప్రశ్నకు జవాబు అప్పుడు పశువైద్యుని నోట వింటిమి.

పిల్లి పస్తు ఎందుకు ఓర్వలేదు?

పులి, సింహము, చిరుతపులి ఏ కుటుంబమునకు చెందినవో పిల్లియు ఆ కుటుంబమునకే చెందినది. దాని శరీరము మాంసాహారమునకే యేర్పడినది. మనుష్యుడు గాని, కుక్క గాని కొన్ని దినములు ఆహారము తగ్గించినచో శరీరము తన ఖర్చును తగ్గించుకొని సరిపుచ్చుకొనును. పిల్లి శరీరమునకు ఈ పొదుపు చాలవరకు చేతగాదు. మాంసకృత్తులను విచ్ఛిన్నము చేయు పని దాని కాలేయములో నిరంతరము జరుగుచునే యుండును. ఆహారము రానప్పుడు శరీరములోని కండయే కరగిపోవును.

ఇంతకంటె పెద్ద అపాయము మరియొకటి గలదు. తిండి లేనప్పుడు శరీరము తనలో నిలువయున్న కొవ్వును కరగించి కాలేయమునకు పంపును. పిల్లి కాలేయము అంతటి కొవ్వును అంత త్వరగా వినియోగింపజాలదు. ఆ కొవ్వు కాలేయములోనే పేరుకొనిపోవును. అట్లు పేరుకొన్న కాలేయము తన పని చేయలేదు, కామెర్లు పుట్టును, కడుపులో త్రిప్పును, త్రిప్పుటచే పిల్లి తిండివైపు మరింత చూడదు. తినకపోవుటచే వ్యాధి, వ్యాధిచే తినకపోవుట, ఇట్లు విషవలయ మేర్పడును. పస్తు ప్రారంభమైన రెండు మూడు దినములలోనే ఇది మొదలు కావచ్చును. మిక్కిలి బలిసిన పిల్లులకు ఈ ప్రమాదము ఎక్కువ. "కొవ్వు పట్టి యున్నది, నాలుగు దినములు తినకున్న నష్టమేమి?" అని మనము తలంచు పిల్లియే అందరికంటె ముందుగా ఆపదలో పడునన్నమాట.

కావున జ్ఞాపకముంచుకొనవలసిన లెక్క యిది. పెరిగిన పిల్లి ఒక పగలు ఒక రాత్రి, అనగా 24 గంటలు, ఏమియు తినకున్నచో వైద్యుని సలహా పొందవలెను. పాలుమరువని కూనల విషయమున అంతవరకును ఆగరాదు. కొన్ని గంటల పస్తే వాటి ప్రాణముమీదికి వచ్చును.

తినకపోవుటకు కారణములు

పిల్లి ఏడిండ్లు తిరుగునని మనవారందురు. బయట తిరుగు పిల్లి యైనచో, అది పొరుగింట చేపలకూరతో కడుపు నింపుకొని వచ్చుచున్నదేమో మొదట విచారింపవలెను. అట్లు కానప్పుడు కారణము వెదకవలెను. పిల్లి మొండితనముచే పస్తుండుట అరుదు. అది తినలేకయో, భయపడియో, తిండియందు రోత పుట్టియో తినకుండును.

మొదటిది ముక్కు. పిల్లి ఆహారమును నాలుకతోకంటె ముక్కుతో నెక్కువగా నిర్ణయించును. దాని నాలుకపై రుచి మొగ్గలు కొన్ని వందలు మాత్రమే. మనకు వేలకొలదిగా నున్నవి. పిల్లికి తీపి రుచియే తెలియదనియు, తీపిని గుర్తించు జన్యువు దానియందు పనిచేయుట లేదనియు 2005లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. కావున జలుబుచే ముక్కు మూసికొనిపోయిన పిల్లికి పళ్ళెములో నున్నది ఆహారమని తోచనే తోచదు.

రెండవది నోరు. పంటి చిగుళ్ళ వాపు, నాలుకపై పుండ్లు, గ్రుచ్చుకొన్న చేపముల్లు ఉన్నచో పిల్లి ఆశతో గిన్నెయొద్దకు వచ్చి, వాసన చూచి, వెనుకకు పోవును. చొంగ కార్చుట, ఒకప్రక్కనే నమలుట, ముంగాలితో మూతిని రుద్దుకొనుట దీని గుర్తులు.

మూడవది కడుపు. మన యిండ్లలో ప్రత్యేకముగా చూడవలసినది పూలదండల దారము. మల్లెమాల వాడిపోయి తీసివేసినపుడు పిల్లి దానితో ఆడుకొని దారమును మ్రింగుట కద్దు. కుట్టుపని దారము, గాలిపటపు దారము నట్టివే. ఇవి ప్రేగులను ముడుచుకొనిపోవునట్లు చేయును. నాలుక క్రిందగాని, మలద్వారమున గాని దారపు కొన కనబడినను దానిని లాగరాదు. లోపల ప్రేగు తెగవచ్చును. వెంటనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

నాల్గవది లోపలి వ్యాధులు. వృద్ధాప్యమున మూత్రపిండములు చెడుట పిల్లులలో సాధారణము. జ్వరములు, నులిపురుగులు, మలబద్ధకము, టీకాలు వేయింపని కూనలకు వచ్చు మారకపు వాంతి విరేచనములు మరికొన్ని.

అయిదవది మనస్సు. ఇల్లు మారుట, క్రొత్త బిడ్డ గాని క్రొత్త పిల్లి గాని వచ్చుట, ప్రేమించిన మనిషి ఊరికి పోవుట, దీపావళినాటి టపాకాయల మ్రోత, ఇవియన్నియు పిల్లి ఆకలిని హరింపగలవు. మే నెలలో అగ్నినక్షత్రపు ఎండలలో తిండి కొంత తగ్గుట సహజమే. తగ్గుట వేరు, పూర్తిగా మానుట వేరు.

రామలింగని పిల్లి చెప్పు పాఠము

తెనాలి రామలింగని పిల్లి కథ మన పిల్లలందరకును తెలిసినదే. రాయలవారు పిల్లిని, దానికి పాలకై ఆవును ఇయ్యగా, రామలింగడు మొదటి దినముననే పొగలు గ్రక్కు పాలను దానిముందు పెట్టెను. నాలుక కాలిన పిల్లి ఆ పిమ్మట పాలగిన్నెను చూచినంతనే పారిపోయినది. మనము నవ్వుకొను ఈ కథలో ఒక యథార్థము దాగియున్నది. ఒక ఆహారము తినునపుడు పిల్లికి బాధ గాని, కడుపులో త్రిప్పు గాని కలిగినచో, అది ఆ బాధను ఆహారముతో ముడివేసి గుర్తుంచుకొనును. వ్యాధి నయమైన పిదపకూడ ఆ ఆహారమును ముట్టకపోవచ్చును.

దీనినుండి మూడు నియమములు తెలియుచున్నవి. చేదు మందును దాని కిష్టమైన ఆహారములో కలుపరాదు. మందును విడిగా నిచ్చు పద్ధతి వైద్యుని యడిగి తెలిసికొనవలెను. వాంతి యగుచున్న సమయమున దానికి ప్రియమైన వస్తువును మాటిమాటికి ముక్కువద్ద పెట్టరాదు. బలవంతముగా నోరు తెరచి తిండి పోయరాదు. ఈ మూడవ తప్పు నేనే చేసితిని. మూడవనాడు చెంచాతో మజ్జిగ పోయబోగా బుజ్జి ఉక్కిరిబిక్కిరియై దగ్గినది. అట్లు పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము కలుగునని వైద్యుడు నన్ను మందలించెను.

ఇంటిలో చేయదగిన పనులు

పిల్లి చురుకుగానే యుండి, వాంతులు మొదలైనవి లేనపుడు, ఆ మొదటి దినమున ఈ క్రింది ఉపచారములు చేయవచ్చును.

ఆహారమును గోరువెచ్చగా చేయవలెను. పిల్లి శరీరపు వేడి సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నుండును. అప్పుడే పట్టిన ఎలుక యెంత వెచ్చగా నుండునో ఆహారము అంత వెచ్చగా నున్నచో వాసన లేచి పిల్లిని పిలుచును. శీతల పేటికనుండి తీసిన చల్లని తిండిని అది నిరాకరించుట వింత కాదు. వేడిని మన మణికట్టుపై చూచుకొని పెట్టవలెను. రామలింగని మార్గము త్రొక్కరాదు.

ముక్కు మూసికొన్నచో గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మెల్లగా తుడువవలెను. వేడినీటి ఆవిరి నిండిన స్నానాల గదిలో పది నిమిషములు దానితో కూర్చుండిన శ్వాస కొంత తేలికపడును.

గిన్నె లోతుగా నుండరాదు. వెడల్పైన చిన్న పళ్ళెము మేలు. తినుచోటు, మలమూత్రముల తొట్టి ప్రక్కప్రక్క నుండరాదు. మనుష్యుల రాకపోకలు లేని మూలలో పెట్టవలెను. మన ఊరిలో చీమల బాధ ఎక్కువ గనుక, నీరు పోసిన పెద్ద పళ్ళెములో ఆహారపు పళ్ళెమును నిలుపవచ్చును. చెంచాడు చొప్పున పలుమార్లు పెట్టి, అరగంటలో తినని దానిని తీసివేయవలెను. చెన్నపురి ఉక్కలో తడి ఆహారము త్వరగా పులియును. నీరు మాత్రము ఎల్లప్పుడు శుభ్రముగా నుండవలెను.

ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన కోడిమాంసము గాని, ముల్లు తీసిన చేప గాని, ఆ ఉడికిన నీరు గాని ఆకలిని మేల్కొల్పుటకు మంచివి. ఉల్లి వెల్లుల్లులు పిల్లి రక్తకణములను నాశనము చేయును. ఎండుచేపలలో ఉప్పు మిక్కుటము.

శాకాహార గృహములవారికి ఇక్కడ ఒక చిక్కు కలదు. మాదియు అట్టి గృహమే. పెరుగన్నము తిని పిల్లి బ్రతుకుచున్నట్లు కనబడినను, దానికి అవసరమైన టారిన్ అను పదార్థము మాంసమునందే కలదు. అది లోపించినచో పిల్లి కంటిచూపు చెడునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను పరిశోధకులు తెలిపిరి. మాంసము వండుట కిష్టపడనివారు టారిన్ చేర్చి పిల్లుల కొరకే తయారుచేసిన డబ్బా ఆహారమును కొనవచ్చును. మన ఆచారము మనది. దాని శరీరధర్మము దానిది.

ఆహారము పెట్టి, ప్రక్కన నిశ్శబ్దముగా కూర్చుండి, తల నిమురుచు, వ్రేలికొనపై కొంచెము పెట్టి చూపుట కొన్ని పిల్లులకు ధైర్యమిచ్చును. అందరును చుట్టుమూగి "తిను, తిను" అనుట దానికి భయము కలిగించును. పిల్లలకు ఈ ఓరిమి నేర్పుట మనకే మంచిది.

చేయకూడని పనులు

మన మందుల పెట్టెలోని పారాసిటమాల్ బిళ్ళను పిల్లికి ఎన్నడును ఈయరాదు. మన బిడ్డకు జ్వరము తగ్గించు ఆ బిళ్ళ, అరముక్క యైనను, పిల్లిని చంపగలదు. పూలగుత్తులలో వచ్చు పెద్దరేకుల విదేశీ లిల్లీ పుష్పములు పిల్లి మూత్రపిండములను పాడుచేయును. అట్టివి పిల్లియున్న ఇంట ఉంచరాదు. మనవారు లిల్లీ యని పిలుచు నేలసంపెంగ వేరు జాతి.

పిల్లలకు తప్పక చెప్పవలసిన జాగ్రత్త యొకటి గలదు. టీకా వేయింపని పిల్లి, లేదా వీధిపిల్లి, తినక, మ్రింగలేక, చొంగ కార్చుచు, వింతగా ప్రవర్తించినచో దాని నోటిలో చేయి పెట్టరాదు. అది రేబిస్ కావచ్చును. కరచినను, రక్కినను, గాయమును సబ్బుతో 15 నిమిషములు ధారనీటిలో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

వైద్యుని యొద్ద

వాంతులు, కామెర్లు, ఆయాసము, నిస్త్రాణ ఉన్నచో 24 గంటలుకూడ ఆగరాదు. మగపిల్లి మాటిమాటికి ముక్కుచు మూత్రము పోయలేకున్నచో అది గంటలలో తేలవలసిన ప్రమాదము.

మన నగరవాసులకు ఈ విషయమున కొరత లేదు. 1903లో సైదాపేటలో ఆరంభమై పిదప వేపేరికి చేరిన మద్రాసు పశువైద్య కళాశాల, 1989లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయమున భాగమై, నేడును అచ్చటనే చిన్న జంతువులకు చికిత్స చేయుచున్నది. 1959లో కెప్టెన్ సుందరం గారు స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ దిక్కులేని జంతువులను ఆదుకొనుచున్నది.

వైద్యుడు మొదట కారణమును వెదకును, నోరు చూచును, రక్తపరీక్ష చేయును, కడుపులో త్రిప్పును అణచు మందు నిచ్చును. ఆకలి పుట్టించు మందులును కలవు. మిర్టజపిన్ అను మందును చెవి లోపలి చర్మమునకు రాయు లేపనముగా వాడుటకు అమెరికాలో 2018లో అనుమతి లభించెను. ఇట్టివి వైద్యుడు చెప్పిన మోతాదుననే వాడవలెను.

ఇవి చాలనప్పుడు మెడప్రక్కనుండి అన్నవాహికలోనికి సన్నని గొట్టము నమర్చి దానిద్వారా ఆహారము పోయుదురు. వినుటకు ఇది క్రూరముగా తోచును. మాకును అట్లే తోచినది. కాని పిల్లి దానిని ఆశ్చర్యకరముగా సహించును. నోటిలో బలవంతముగా పోయుటకంటె ఇది ఎంతో సుఖము. మొదటి దినమున కొద్దిపాటి ఆహారముతో ఆరంభించి మూడు నాలుగు దినములలో క్రమముగా పెంచవలెను. పస్తున్న శరీరము ఒక్కసారిగా నిండు భోజనమును భరింపలేదు. కాలేయము కొవ్వుపట్టిన పిల్లులును సకాలమున ఇట్టి పోషణ పొందినచో చాలవరకు కోలుకొనునని వైద్యులు చెప్పుదురు.

పిల్లలు చేయగల సాయము

వైద్యునకు మనము చెప్పవలసినవి: ఎప్పటినుండి తినుట లేదు? నీరు త్రాగుచున్నదా? మలమూత్రములెట్లున్నవి? వాంతి యెన్నిసార్లు? బరువెంత? ఈ సంగతులను ఒక నోటుపుస్తకములో ప్రతిదినము వ్రాయు పనిని ఇంటిలోని బాలునకో బాలికకో అప్పగింపవచ్చును. పెద్దవారు పిల్లిని ఎత్తుకొని త్రాసుపై నిలిచి, పిదప తాము మాత్రమే నిలిచి, తీసివేత చేసినచో దాని బరువు తెలియును. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గుట 60 కిలోల మనుష్యుడు 6 కిలోలు తగ్గుటతో సమానమని పిల్లవాడు తానే లెక్కగట్టి తెలిసికొనును. గణితమునకును దయకును ఇక్కడ పొత్తు కుదురును.

మా చిన్నవాడు అట్టి పుస్తకమును వ్రాసెను. గొట్టముద్వారా ఆహారము పోసిన ప్రతి వేళయు, ప్రతి తూకమును అందులో నున్నవి. 19వ దినమున, "బుజ్జి తనంతట తానే నాకింది" అని ఒక్క పంక్తి పెద్ద అక్షరములతో నున్నది. నాకినది కోడిమాంసము ఉడికిన నీరు. దానిని మా వంటింట గాక, వెనుక వసారాలో విడిగా ఒక చిన్న పొయ్యిమీద ఉడికింప ననుమతించినవారు మా అత్తగారే. మడి ఆచారము తప్పని ఆమె, ఆ దినమున పిల్లివైపు చూచి, "లంఖణం మనకేలేవే, దీనికి కాదు" అనిరి.

పిల్లవాడు ఒక ప్రశ్న వేసినపుడు దానికి తెలిసిన జవాబు లేనిచో తెలిసికొని చెప్పుట పెద్దల విధి. నేను ఆ విధిని మూడు దినములు ఆలస్యము చేసితిని. ఆ మూడు దినముల మూల్యము ఒక మూగప్రాణి చెల్లించినది. కొలదిలో తప్పినది గాని, ఒక పసిమనస్సుకూడ చెల్లించెడిదే. మన యిండ్లలో పళ్ళెము ముట్టని పిల్లిని చూచినపుడు "ఆకలి వేసిన అదే తినును" అను మాటను ప్రక్కన బెట్టి, గడియారము చూచుకొని, కారణము వెదకుట ఆరంభింతుము గాక.